ఇంటి ఫోనుకు కరెంటు ఎక్కడి నుంచి వస్తోంది?

నమస్కారం. హనుమకొండ నుంచి ఒక పెద్దాయన అడిగారు: "పాత ల్యాండ్‌లైన్ తీసేసి ఫైబర్ ఫోను పెట్టించుకోమంటున్నారు, పెట్టించుకోనా?" పెట్టించుకోండి. కాకపోతే కనెక్షన్ అమ్మేవారు మాట క్లారిటీ గురించే చెబుతారు, కరెంటు ఊసెత్తరు. అసలు విషయం అక్కడే ఉంది.

పాత ఫోనుకు ప్లగ్గు ఉండేది కాదు, గమనించారా? టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో బ్యాటరీల వరుస ఉంటుంది. అక్కడి నుంచి 48 వోల్టుల కరెంటు మాటతోపాటే ఆ రెండు రాగి తీగల మీద ఇంటికి వస్తుంది. గంట మోగించే వోల్టేజి అంతకన్నా ఎక్కువ. తీగ కొసలు పట్టుకుని ఉండగా ఎవరైనా ఫోను చేస్తే చెయ్యి జిల్లుమంటుంది, లైన్‌మెన్‌ను అడగండి! అందుకే వీధంతా చీకటైనా ఆ ఫోను పలికేది. కార్డ్‌లెస్ ఫోను పెట్టుకున్నవారికి మాత్రం ఆ భాగ్యం లేదు, దానికి ఇంటి ప్లగ్గే దిక్కు.

అలాగని రాగిని నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. వాన పడితే జాయింట్లలో నీరు చేరి ఒకటే గరగర. ఫైబర్ అంటే గాజుపోగు, అందులో నడిచేది వెలుగు, దానికి ఆ బాధ లేదు.

కానీ గాజుపోగు కరెంటు మోసుకురాదు. ఆ వెలుగును ఫోనుకు పనికొచ్చే సిగ్నల్‌గా మార్చడానికి ఇంట్లో గోడకు బిగించే ఓఎన్‌టీ అనే పెట్టె మీ ప్లగ్గు మీదే బతుకుతుంది. 2023 జూలైలో హనుమకొండలో నయీంనగర్, హంటర్ రోడ్డు వైపు వరద నీళ్లొచ్చిన రోజులు గుర్తున్నాయి కదా. ఫోను అవసరం పడేది సరిగ్గా అలాంటప్పుడే. ఓఎన్‌టీకి చిన్న యూపీఎస్ ఒకటి తగిలించండి. అడాప్టర్ మీద రాసిన వోల్టులు చూసి, అదే వోల్టేజిది కొనండి. రౌటర్ వేరుగా ఉండి, ఫోను దానికి తగిలించి ఉంటే దానికీ బ్యాకప్ కావాలి.

ఇంకో మెలిక ఉంది. స్తంభం మీది పెట్టెలో ఉన్నది స్ప్లిట్టరా, స్విచ్చా అని కనెక్షన్ ఇచ్చే అబ్బాయిని అడగండి. స్ప్లిట్టర్ వెలుగును పంచుతుందంతే, దానికి కరెంటు అక్కర్లేదు. స్విచ్ అంటే లైటు స్విచ్ కాదు, సిగ్నల్‌ను ఏ ఇంటిది ఆ ఇంటికి మళ్లించే యంత్రం, దానికి కరెంటు కావాలి. దానికి బ్యాకప్ లేకపోతే మీ యూపీఎస్ దండగే.

బిగించిన రోజే మెయిన్ ఆపేసి మీ సెల్‌కు ఫోను చేసి చూడండి. వీధి మొత్తం కరెంటు పోయినప్పుడు ఇంకోసారి చూడండి.