ఉప్పు గనిలో పదివేల ఏళ్ల పూచీ

తమ్ముడు: రికార్డింగ్ మొదలైంది. అక్కా, ముందే చెప్తున్నా, నాకిది మింగుడుపడట్లేదు. వానాకాలంలో ఉప్పు డబ్బా మూత సరిగ్గా పెట్టకపోతే రెండు రోజుల్లో చెమ్మగిల్లుతుంది. అలాంటి ఉప్పులో రేడియోధార్మిక చెత్త పాతిపెడతారా?

అక్క: డబ్బాలో ఉప్పు గాలిలో తేమ పీలుస్తుంది. నేల కింద 655 మీటర్ల లోతున, ఆ పొర లోపలికి వానగాలి ఎలా వెళ్తుంది? అమెరికాలో న్యూ మెక్సికో రాష్ట్రంలో, కార్ల్స్‌బాడ్ దగ్గర 'విప్' అని అలాంటి చెత్త పాతే ఓ కేంద్రముంది. అక్కడి ఉప్పు ఓ పాత సముద్రం ఎండితే మిగిలింది, దాదాపు 25 కోట్ల ఏళ్ల నాటిది. మన చినగంజాం ఉప్పు కొటార్లలో జరిగేదే, కాకపోతే వందల మీటర్ల మందాన. మధ్యలో నీళ్లు పారుంటే ఎప్పుడో కరిగిపోయేది కదా? ఇంకా ఉందంటే...

తమ్ముడు: పారలేదని.

అక్క: అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ 1957లోనే ఉప్పు వైపు మొగ్గింది. ఇంకో గుణం కూడా ఉంది దానికి. ఉప్పు పాకుతుంది.

తమ్ముడు: బల్లిలాగా?

అక్క: చలిమిడి ముద్దలాగా. పైబరువుకి మెల్లగా సాగుతుంది. గది తవ్వి వదిలేస్తే గోడలు, కప్పు ఏటా కొన్ని అంగుళాలు దగ్గరికొస్తాయి. మామూలు గనిలో అది తలనొప్పి, ఇక్కడ కావాల్సిందే అది. చెత్త డ్రమ్ములు పెట్టి వదిలేస్తే ఉప్పే వాటిని బిగించేస్తుంది, పగుళ్లూ పూడిపోతాయి. 1999 మార్చి నుంచి అక్కడ పెడుతున్నది అణ్వాయుధాల పనిలో ప్లుటోనియం అంటిన గ్లౌజులు, పనిముట్లు, మట్టి, అలాంటివి.

తమ్ముడు: అయితే గొడవేముంది?

అక్క: అస్సే ఉంది. జర్మనీలో దిగువ సాక్సొనీలో పాత ఉప్పు గని. 1967 నుంచి 1978 దాకా లక్షా 25 వేలకు పైగా డ్రమ్ములు దించారు. అదీ ఉప్పే. కానీ అంతకుముందే గనివాళ్లు పక్కరాయికి మరీ దగ్గరిదాకా తవ్వేసి, గదులు ఖాళీగా వదిలేశారు. 1988 నుంచి నీళ్లు కారుతున్నాయి, రోజుకు దాదాపు 12 వేల లీటర్లు. ఆ చెత్త మొత్తం బయటికి తీయాలని 2013లో చట్టమే చేశారు. అమెరికాలో కాన్సాస్‌ రాష్ట్రంలో లైయన్స్ అనే ఊరిదీ అలాంటి కథే. చుట్టూ పాత బావుల చిల్లులు బయటపడి 1970ల మొదట్లో అక్కడి ఉప్పులో చెత్త పెట్టే ప్లాన్ మానుకున్నారు.

తమ్ముడు: అంటే తప్పు ఉప్పుది కాదు, మనది.

అక్క: నాకూ అలాగే అనిపిస్తుంది. చెత్త 10 వేల ఏళ్లు బయటికి రాదని చూపడానికి విప్ వేసే లెక్కలో నాకు బాగా నచ్చేది కూడా మనుషుల మీద ఆ అనుమానమే. అన్నేళ్లు ఆగి చూడలేం కాబట్టి, ఏమేం జరగొచ్చో కంప్యూటర్లో మళ్లీ మళ్లీ నడిపి చూస్తారు. అక్కడ ఓ రూలు ఉంది: కాపలా 100 ఏళ్లకు మించి ఉంటుందని అనుకోకూడదు. ఆ తర్వాత ఎవరో ఒకరు చమురు కోసం బోరు వేస్తారనే లెక్క కట్టాలి, ఆ ప్రాంతంలో గత వందేళ్లు ఎంత జోరుగా వేశారో అంతే జోరుగా. ఉప్పు పొర కింద కొన్నిచోట్ల ఒత్తిడిలో ఉన్న ఉప్పునీళ్లున్నాయి. బోరు చెత్త గుండా దిగి వాటిని గుచ్చితే?

తమ్ముడు: చెత్తంతా పైకి తన్నుకొస్తుంది!

అక్క: అదీ లెక్కలో వేయాల్సిందే. ఆ లెక్కని అమెరికా పర్యావరణ సంస్థ 1998లో ఒప్పుకుంది, ఐదేళ్లకోసారి మళ్లీ చూస్తుంది.

తమ్ముడు: మరి విప్‌లో 2014లో లీకైంది కదా?

అక్క: ఫిబ్రవరి 14న. ఓ డ్రమ్ములో తడి పీల్చడానికి, పెంపుడు పిల్లుల కింద వేసే పొడి కలిపారు. మట్టిరకం వేయాల్సింది, గోధుమతో చేసింది వేశారు. లోపలి నైట్రేట్ లవణాలతో కలిసి వేడెక్కి డ్రమ్ము పగిలింది. దాదాపు మూడేళ్లు పని ఆగిపోయింది.

తమ్ముడు: ఆ 10 వేల ఏళ్ల లెక్కలో పిల్లిపొడి ఉందా మరి?

అక్క: ఆ లెక్క గని మూసేశాక మొదలవుతుంది రా. ఇది తెరిచి ఉండగా జరిగింది. లోపలి మనుషుల కోసం తిరిగే ఫ్యాన్ల గాలే డ్రమ్ములోంచి లేచిన ఆ కాస్త రేడియోధార్మిక ధూళిని పైకి మోసుకొచ్చింది.