'భ్రూణ హత్య' అనే మాటతో నా పేచీ

అందరికీ నమస్కారం.

ఏ స్కానింగ్ సెంటర్‌కి వెళ్లినా గోడ మీద బోర్డు కనిపిస్తుంది: 'ఇక్కడ లింగ నిర్ధారణ పరీక్షలు చేయబడవు.' ఆ బోర్డు ఉండాల్సిందే. దానికోసం 1994లో చట్టమే తెచ్చుకున్నాం. నా పేచీ దాని పక్కనుండే పోస్టరుతో. 'భ్రూణ హత్య మహాపాపం' అంటుందది. కడుపులో ఉన్నది ఆడపిల్ల అని తెలిసి తీయించేయడం ఆగాలని వాడుకలోకి తెచ్చిన మాట. ఇప్పుడు ఏ కారణంతో కడుపు తీయించుకున్నా అదే మాట. హత్య అన్నాక ఆ ఆడమనిషి ఇక ఏం చెప్పుకుంటుంది?

అబార్షన్ చట్టం వేరు. అది 1971 నాటిది, 2021లో సవరించారు. 20 వారాల వరకు ఒక డాక్టరు ఒప్పుకుంటే చాలు. 24 దాకా ఇద్దరు ఒప్పుకోవాలి, అదీ అత్యాచారానికి గురైనవాళ్లు, మైనర్లు లాంటి కొందరికే. ఆ కొందరిలో పెళ్లికాని ఆడవాళ్లనూ చేర్చాలని 2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. 24 దాటితే బిడ్డకు తీవ్రమైన లోపం ఉందని మెడికల్ బోర్డు తేల్చాలి, లేదా తల్లి ప్రాణానికి ముప్పు ఉండాలి. సవరణకు ముందు గడువు 20 వారాలే. కడుపులో బిడ్డకు లోపాలున్నాయేమో చూసే టిఫా స్కాన్ తీసేదే ఇంచుమించు ఆ సమయానికి. లోపం బయటపడేసరికి గడువు దాటిపోయి కోర్టు మెట్లెక్కినవాళ్లున్నారు.

గమనించారా, అన్నిచోట్లా ఒప్పుకోవాల్సింది డాక్టరు. 'నాకొద్దు' అన్న ఒక్క మాటకి ఈ చట్టంలో ఏ వారంలోనూ విలువ లేదు. మనది ఉదారమైన చట్టమని మా లాయర్లు మురిసిపోతుంటారు. నేను సగమే ఒప్పుకుంటాను.

సుప్రీంకోర్టులోనే 2023 అక్టోబరు కేసు చూడండి. ఇద్దరు పిల్లల తల్లి, వయసు 27. చిన్నబిడ్డ పాలు తాగుతుండటంతో నెలసరి రాలేదు, గర్భం సంగతి ఆలస్యంగా తెలిసింది. కాన్పు తర్వాత వచ్చిన మానసిక జబ్బుకు మందులు వాడుతోంది. 9వ తేదీన జస్టిస్ హిమా కోహ్లి, జస్టిస్ నాగరత్న అబార్షన్‌కి అనుమతిచ్చారు. తర్వాత ఎయిమ్స్ డాక్టరు ఒకరు, బిడ్డ బతికే అవకాశం ఉంది, గుండె ఆపాలా వద్దా చెప్పండని రాశారు. 11న ఆ ఇద్దరు న్యాయమూర్తులూ చెరో దారి పట్టారు. తల్లి నిర్ణయాన్ని గౌరవించాలన్నది నాగరత్నగారు. 16న ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్ ఉన్న ముగ్గురి ధర్మాసనం కుదరదంది. అప్పటికి 26 వారాలు దాటింది. పుట్టబోయే బిడ్డ తరఫున వాదించేదెవరన్న ప్రశ్న కూడా ఆ విచారణలో వచ్చింది.

26 వారాలప్పుడు ఆ ప్రశ్నని నేను తేలిగ్గా కొట్టిపారేయలేను. సూది వేయాల్సిన డాక్టరు చెయ్యి వణుకుతుందంటే నాకు అర్థమవుతుంది. కానీ ఎనిమిదో వారంలో మాత్రల కోసం వచ్చిన మనిషినీ అదే అడుగుతారు చూడండి, అక్కడ నాకు ఒళ్లు మండుతుంది. ఒక ప్రైవేటు ఆసుపత్రివాళ్లు నా క్లయింటుని 'మీ ఆయన్ని తీసుకురామ్మా, సంతకం కావాలి' అని మూడుసార్లు తిప్పారు. ఆమె పారిపోయి వచ్చిందే ఆయన దగ్గర్నుంచి!

మైనరుకీ, మానసిక రోగికీ సంరక్షకుల సంతకం కావాలి. మిగతా ఎవరికైనా ఆమె సంతకం ఒక్కటే చాలు. ఆ సంతకం పెట్టే సమ్మతి పత్రం పేరు ఫారం సి. దాని జిరాక్సులు వెనక బల్ల మీద పెట్టాను, వెళ్లేటప్పుడు తలా ఒకటి తీసుకోండి. భర్త పేరు రాసే చోటు అందులో ఉంది. సంతకం పెట్టే చోటు కనిపిస్తే నాకు ఫోన్ చేయండి.