కేసు రాయాలా, దాచాలా? కానిస్టేబుల్ కొలువులపై ఫోన్-ఇన్

యాంకర్: నమస్తే. ఈ రోజు కానిస్టేబుల్ ఉద్యోగాల మీద మీ ప్రశ్నలు. పోలీస్ ట్రైనింగ్‌లో చాలా ఏళ్లు పనిచేసి రిటైరైన డీఎస్పీ గారు మనతో ఉన్నారు. సర్, లైన్లు అప్పుడే నిండిపోయాయి. మొదలుపెడదామా?

డీఎస్పీ: పెడదామమ్మా. ముందే ఒక మాట. నేను చెప్పే కొలతలు, మార్కులు అన్నీ తెలంగాణ పోలీస్ నియామక బోర్డు 2022లో ఇచ్చిన నోటిఫికేషన్ లెక్క. కొత్తది వచ్చిన రోజు దాన్ని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా మీరే చదవాలి. యూట్యూబ్‌లో ఎవరో చదివి చెప్పింది విని కాదు.

యాంకర్: మహబూబ్‌నగర్ నుంచి కాలర్. చెప్పండమ్మా.

కాలర్: నమస్తే సర్. నా హైటు 152 దగ్గర ఉంది. ఒకసారి 152న్నర వస్తుంది, ఒకసారి తగ్గుతుంది. అప్లై చేయొచ్చా?

డీఎస్పీ: దేంతో కొలిచారమ్మా?

కాలర్: టైలర్ టేపుతో సర్. మా అక్క కొలిచింది.

డీఎస్పీ: అందుకే రోజుకో లెక్క వస్తోంది. ఆడపిల్లలకు 152.5 సెంటీమీటర్లు ఉండాలి. జిల్లా ఆసుపత్రికి వెళ్లి స్టాండ్ మీద, చెప్పులు లేకుండా, మడమలు ఆనించి కొలిపించుకోండి. పోయినసారి ఒక సెంటీమీటరు లోపు తేడాతో పోయినవాళ్లను మళ్లీ కొలిచారు. ఈసారీ అలాగే చేస్తారని మాత్రం కూర్చోవద్దు. పరుగు చేస్తున్నారా?

కాలర్: ఇంకా లేదు సర్. నోటిఫికేషన్ వచ్చాక...

డీఎస్పీ: అదిగో! అందరూ ఇదే మాట. నోటిఫికేషన్ వచ్చాక పరుగు మొదలుపెడితే కాళ్లు నొప్పులు తప్ప ఏమీ రావు. మీకు 800 మీటర్లు, 5 నిమిషాల 20 సెకన్లలో. లాంగ్ జంప్ రెండున్నర మీటర్లు. 4 కిలోల షాట్‌పుట్ గుండు 4 మీటర్లు వేయాలి. మూడూ దాటాలి. రేపు పొద్దున్నే మొదలుపెట్టండి.

యాంకర్: థాంక్యూ అమ్మా. త్రిపురారం వైపు నుంచి ఒక పెద్దాయన.

కాలర్: హలో... వినపడుతుందా అమ్మా? నేను వడ్లు కొనే ఐకేపీ సెంటర్ కాడ ఉన్నా. వడ్లు పోసి వారం దాటింది, ఇంకా కాంటా కాలేదు. ట్రాక్టర్ల చప్పుడు, ఏమనుకోవద్దు.

యాంకర్: పర్లేదు, చెప్పండి.

కాలర్: సార్, నమస్తే. మా పిల్లగాడు డిగ్రీ అయిపోయింది. పోలీసు కావాలని వానికి చిన్నప్పటి నుంచి ఉంది. రోజూ పొద్దున కాలువ కట్ట మీద ఉరుకుతాడు. చదువుతాడు కూడా, రాత్రి పన్నెండు దాకా లైటు ఆర్పడు. వాళ్లమ్మ తిడుతుంది. పోయినసారి ఏజు చాలక రాయలేదు. ఈసారి రాద్దామని. మా తమ్ముడి కొడుకు కూడా రాస్తాడట, వాడు హైదరాబాద్‌లో కోచింగ్...

డీఎస్పీ: మంచిది. మీ ప్రశ్న ఏంటి?

కాలర్: ప్రశ్న ఏంటంటే సార్... రెండేళ్ల కింద వినాయకుని నిమజ్జనం కాడ పిల్లలు కొట్లాడుకున్నరు. డీజే కాడ లొల్లి. పెద్దగా ఏం లేదు. ఒకనికి తలకు చిన్న దెబ్బ. అవతలోళ్లు కేసు పెట్టిన్రు, నలుగురు పిల్లల మీద. మావాడు అసలు కొట్టలేదు సార్, విడిపించబోయిండు.

డీఎస్పీ: ఎఫ్ఐఆర్‌లో పేరు ఉందా?

కాలర్: ఉంది సార్. తర్వాత పెద్దమనుషులు కూర్చొని, లోక్ అదాలత్‌లో రాజీ చేసిన్రు. కేసు కొట్టేసిన్రు. ఇప్పుడు ఊర్లో అంటున్నరు, ఆ సంగతి ఫారంలో రాయొద్దు, రాస్తే ఉద్యోగం పోతదని. రాయాల్నా, వద్దా?

డీఎస్పీ: రాయాలి.

కాలర్: రాజీ అయింది కద సార్?

డీఎస్పీ: అయినా రాయాలి. వినండి, ఇది మీ ఒక్కరికే కాదు, వినేవాళ్లలో చాలామంది ఇంట్లో ఉన్న సంగతే. రాజీ కుదుర్చుకోదగ్గ నేరంలో రాజీ అయితే చట్టం ప్రకారం నిర్దోషిగా విడుదలైనట్టే లెక్క. అంటే మీవాడు నేరస్తుడు కాదు. అంతవరకు మీకు సంతోషం. కానీ కేసు నమోదైందన్నది నిజం. ఎంపికయ్యాక, మీ వివరాలన్నీ నిజమని రాసిచ్చే అటెస్టేషన్ ఫారం ఇస్తారు. అందులో ‘మీ మీద ఎప్పుడైనా కేసు నమోదైందా’ అని అడిగితే, సమాధానం ‘అయింది’ అనే. ‘ఇప్పుడు నడుస్తోందా’ అన్నది వేరే ప్రశ్న. మన పిల్లలు ఈ రెండూ కలిపేసి ‘లేదు’ అని రాసేస్తారు.

కాలర్: రాయకపోతే వాళ్లకెట్ల తెలుస్తది సార్? కొట్టేసిన కేసు కద.

డీఎస్పీ: మీ పోలీస్ స్టేషన్‌లో ఎఫ్ఐఆర్‌లన్నీ కంప్యూటర్‌లో ఉన్నాయి. పేరు కొడితే వస్తుంది. అదీ కాక వెరిఫికేషన్‌కు వచ్చేది ఎవరు? పోలీసులే. మీ ఊరికే వస్తారు, మీ స్టేషన్‌లోనే అడుగుతారు. పోలీసు ఉద్యోగానికి పోలీసు కేసు దాచడం ఏంటండీ?

కాలర్: అది నిజమే సార్.

డీఎస్పీ: దీని మీద 2016లో సుప్రీంకోర్టు అవతార్ సింగ్ కేసులో వివరంగా చెప్పింది. అభ్యర్థి ఇచ్చే సమాచారం నిజమై ఉండాలి. నిజం చెప్పినా అతని నడవడిక పరిశీలించే హక్కు ఉద్యోగం ఇచ్చేవాళ్లకు ఉంటుంది. చిన్న వయసులో జరిగిన చిన్నపాటి కేసులను చూసీ చూడనట్టు వదిలే విచక్షణ కూడా వాళ్లకుంది. కాబట్టి రాస్తే ఉద్యోగం వచ్చి తీరుతుందని నేను గ్యారంటీ ఇవ్వను. కానీ రాస్తే మీరు చెప్పుకోవడానికి ఒక మాట ఉంటుంది. దాస్తే ఏముంటుంది? డీజే దగ్గర కొట్లాట చిన్నదే, అబద్ధం మాత్రం పెద్దదవుతుంది. ట్రైనింగ్‌లో చేరాక ఇంటికి పంపిన పిల్లల్ని నేను చూశాను. కొట్లాటకు కాదు, దాచినందుకు.

కాలర్: అయితే ఇప్పుడు ఏం చేయాలె సార్?

డీఎస్పీ: ఎఫ్ఐఆర్ కాపీ, ఛార్జిషీటు కాపీ, లోక్ అదాలత్ అవార్డు, అంటే రాజీ తీర్పు, సర్టిఫైడ్ కాపీ. ఈ మూడూ ఇప్పుడే తీసి ఇంట్లో పెట్టుకోండి. వెరిఫికేషన్ టైములో కోర్టు చుట్టూ తిరగొద్దు. నంబర్లు, తేదీలు, సెక్షన్లు ఫారంలో తప్పు లేకుండా రాయాలి. సరేనా?

కాలర్: సరే సార్. ఇంకొకటి... మా పక్కూరాయన ఒకాయన... హలో? హలో...

యాంకర్: లైన్ కట్ అయినట్టుంది. మళ్లీ కలిస్తే మాట్లాడదాం. దేవరకొండ నుంచి కాలర్.

కాలర్: సర్, నేను ఎస్టీ. ఇంటర్ సెకండియర్‌లో ఒక సబ్జెక్ట్ పోయింది. అర్హత ఉందా?

డీఎస్పీ: ఎస్సీ, ఎస్టీలకు పది పాసై, ఇంటర్ చదివి, రెండు సంవత్సరాల పరీక్షలూ రాసి ఉంటే చాలు. మిగతావాళ్లు ఇంటర్ పాసవ్వాలి. మీకు ఉంది. కానీ ఆ సబ్జెక్ట్ రాసేయండి నాయనా, రేపు ఎస్సై అవుదామనుకుంటే డిగ్రీ కావాలి.

యాంకర్: థాంక్యూ. సూర్యాపేట.

కాలర్: సర్, సివిల్, ఏఆర్, బెటాలియన్... ఏది ముందు పెట్టుకోవాలి?

డీఎస్పీ: సివిల్ అంటే స్టేషన్ డ్యూటీ. పిటిషన్లు, పెట్రోలింగ్, కేసులు, కోర్టు. ఏఆర్ అంటే ఆర్మ్‌డ్ రిజర్వ్, జిల్లా హెడ్‌క్వార్టర్లో ఉండి ఎస్కార్టులు, గార్డులు, బందోబస్తు. బెటాలియన్ అంటే ఎక్కడ అవసరముంటే అక్కడికి. మన నల్గొండ దగ్గర అన్నెపర్తిలో 12వ బెటాలియన్, గద్వాల వైపు బీచుపల్లిలో 10వ బెటాలియన్ ఉన్నాయి కదా అని ఇంటి దగ్గరే ఉంటామనుకోవద్దు. 2024 అక్టోబర్‌లో బెటాలియన్ కుటుంబాలు సెలవుల కోసం రోడ్డెక్కింది గుర్తుందా? అది తెలిసే ఆప్షన్ పెట్టుకోండి. ఇంకో తేడా, సివిల్‌కు ఈవెంట్స్, అంటే పరుగు, జంప్, గుండు, పాసైతే చాలు. ఏఆర్, బెటాలియన్‌కు ఈవెంట్స్‌లో తెచ్చుకున్న మార్కులు కూడా లెక్కలోకి వస్తాయి. పరుగులో గట్టిగా ఉన్నవాడికి అది లాభం.

యాంకర్: టైమ్ తక్కువ ఉంది, తర్వాతి కాల్. మర్రిగూడ.

కాలర్: సర్, మా తమ్ముడికి నిలబడితే మోకాళ్లు తగులుతాయి. మా దగ్గర నీళ్లు మీకు తెలుసు కదా సర్, ఫ్లోరైడ్. మెడికల్‌లో తీసేస్తారా?

డీఎస్పీ: (కాసేపు ఆగి) తెలుసమ్మా, ఆ మండలంలో పనిచేశాను. మోకాళ్లు తగలడం, చదునైన పాదాలు, మెల్లకన్ను, రంగులు గుర్తుపట్టలేకపోవడం ఉంటే మెడికల్‌లో ఆపుతారు. కానీ తగులుతున్నాయా, తగిలినట్టు కనిపిస్తున్నాయా అన్నది ఎముకల డాక్టరే చెప్పాలి. నల్గొండ ప్రభుత్వ ఆసుపత్రిలో ఇప్పుడే చూపించండి. మెడికల్ అన్నిటికన్నా చివర్లో ఉంటుంది. అంతా అయ్యాక అక్కడ తెలిస్తే పిల్లవాడు తట్టుకోలేడు. కళ్లు కూడా చూపించండి, రెండు కళ్లకూ 6/6 చూపు అడుగుతారు.

యాంకర్: త్రిపురారం పెద్దాయన మళ్లీ కలిశారు. చెప్పండి, తొందరగా.

కాలర్: కట్టయింది సార్. అదే... అవార్డు కాపీ ఎక్కడ ఇస్తరు?

డీఎస్పీ: ఏ కోర్టులో కేసు నడిచిందో అక్కడే. మీ వకీలును అడగండి, కాపీ అప్లికేషన్ వేస్తాడు.

కాలర్: సరే. ఇందాక చెప్పబోయింది... మా పక్కూరాయనకు హైదరాబాద్‌లో తెలిసినాయన ఉన్నడంట. కేసు సంగతి కూడా చూసుకుంటడంట, పరీక్ష కూడా. అడ్వాన్స్ అడుగుతున్నడు. వడ్ల పైసలు రాంగనే ఇద్దామని...

డీఎస్పీ: ఇవ్వొద్దు! ఒక్క రూపాయి ఇవ్వొద్దు. అయ్యా, నా మాట వినండి. వడ్లు అమ్ముకొని దొంగకు పోస్తారా? పరీక్ష ఓఎంఆర్ షీటు మీద, జవాబుల కీ బయట పెడతారు, వేలిముద్రలు పరీక్షలో తీసుకొని ఈవెంట్స్ దగ్గర సరిచూస్తారు. మధ్యలో ఆ పెద్దమనిషి చేసేదేముంది? వందమంది దగ్గర తీసుకుంటాడు, సొంతంగా చదివి పదిమంది పాసవుతారు, ‘నేనే చేయించా’ అంటాడు. మిగతావాళ్లకు ఫోన్ ఎత్తడు. పైగా డబ్బులిచ్చారని తేలితే అదొక కొత్త కేసు. పాత కేసే రాయాలా వద్దా అని భయపడుతున్నారు మీరు.

కాలర్: అంతేనంటరా?

డీఎస్పీ: అంతే. పిల్లగాడు ఎంత టైములో ఉరుకుతున్నాడు?

కాలర్: ఎట్ల తెలుస్తది సార్, కట్ట మీద ఆ తూము దాకా పోయి వస్తడు.

డీఎస్పీ: (నవ్వు) తూము దాకా ఎంతో ఎవరికి తెలుసు? 1600 మీటర్లు, 7 నిమిషాల 15 సెకన్లు. నల్గొండలో ఎన్జీ కాలేజీ గ్రౌండ్‌కో, స్టేడియానికో అప్పుడప్పుడు పంపండి. 400 మీటర్ల ట్రాక్ అయితే నాలుగు రౌండ్లు, ఒక్కో రౌండ్ నిమిషం 48 సెకన్లకు మించకూడదు. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకొని ఉరకమనండి. తారు రోడ్డు మీద వద్దు, పిక్కలు పట్టేస్తాయి. మట్టి కట్ట మంచిదే. ఇక గుండు పట్టుకున్నాడా ఎప్పుడైనా?

కాలర్: గుండా? లేదు సార్.

డీఎస్పీ: చూశారా. అందరూ పరుగే అనుకుంటారు. పరుగు దాటి గుండు దగ్గర, లాంగ్ జంప్ దగ్గర పోయేవాళ్లు చాలామంది. 7.26 కిలోల గుండు 6 మీటర్లు పడాలి, జంప్ 4 మీటర్లు. మూడు ఛాన్సులే ఇస్తారు, రెండు ఫౌల్ అయ్యాయంటే మూడోదానికి కాళ్లు వణుకుతాయి. మీ అడ్వాన్స్ డబ్బుల్లో చిన్న ముక్కతో ఒక గుండు కొనివ్వండి, బూట్లు కొనివ్వండి.

కాలర్: కొంట సార్. ఇంతకీ... కేసు రాస్తే పోదు కద?

డీఎస్పీ: (నిట్టూర్పు) పోదని రాసివ్వలేను నాన్నా. దాస్తే నిలబడడం కష్టమని మాత్రం రాసిస్తాను. మీవాడిని భయపెట్టకండి, చదువుకోనివ్వండి. బడిలో చదివినట్టు ఇచ్చే బోనఫైడ్ సర్టిఫికెట్లు ఉన్నాయా, ఒకటి నుంచి ఏడో తరగతి దాకా?

కాలర్: ఊర్ల బడే సార్, ఉంటయి.

డీఎస్పీ: ఉంటాయి కాదు, తెచ్చి పెట్టుకోండి. మీవాడు ఏ జిల్లాకు లోకల్ అన్నది దాని మీదే తేలుతుంది. బీసీ అయితే నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ కూడా.

యాంకర్: థాంక్యూ అండీ. వడ్లు తొందరగా కాంటా కావాలని కోరుకుంటున్నాం. నల్గొండ నుంచి హోంగార్డు ఒకరు.

కాలర్: సర్, నాకు 34. ఏజ్ ఉందా?

డీఎస్పీ: హోంగార్డులకు పోయినసారి 40 దాకా ఇచ్చారు. సర్వీస్ సర్టిఫికెట్ మీ ఆఫీసు నుంచి తీసుకోండి. డ్యూటీ చేస్తూనే చదవాలి కాబట్టి అరిథ్మెటిక్, రీజనింగ్ ముందు పట్టుకోండి, టైమ్ తినేవి అవే. ప్రిలిమ్స్ 200 ప్రశ్నలు, మూడు గంటలు. తప్పుకు 0.2 మార్కు కోత ఉంది, ఊహించి గీకొద్దు.

కాలర్: ఈవెంట్స్ ఈ వయసులో...

డీఎస్పీ: అయ్యేదే. బందోబస్తులో రోజంతా నిలబడేవాళ్లు మీరు. కానీ నోటిఫికేషన్ కోసం ఆగొద్దు, ఈ రోజే మొదలుపెట్టాలి.

యాంకర్: ఆఖరి కాల్. నారాయణపేట. ఒక్క నిమిషమే ఉంది.

కాలర్: సర్, నోటిఫికేషన్ ఎప్పుడొస్తుంది?

డీఎస్పీ: బోర్డు వెబ్‌సైట్‌లో పెట్టిన రోజు వస్తుంది. వాట్సాప్‌లో వచ్చిన తేదీ నమ్మొద్దు. మీరు పరుగు...

యాంకర్: సర్, టైమ్ అయిపోయింది. కాల్ చేసిన అందరికీ థాంక్స్. తర్వాత వార్తలు.