బోర్డు కంటే ముందు ఒక పంచె

శ్రోతలకు నమస్కారం.

తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల వీధుల్లో నిలబడి తలెత్తి చూడండి. గాలిగోపురం కంటే ముందు అంగళ్ళ బోర్డులే కళ్ళకు తగులుతాయి. పక్కాయన నాలుగడుగులు పెట్టాడని మనం ఆరడుగులు పెడతాం. ఆయన ఊరుకుంటాడా? చివరికి ఎవరి పేరూ కంటికి ఆనదు.

బోర్డుకు కార్పొరేషనువాళ్ళు అనుమతి ఇచ్చిన కొలత చాలదు, మినహాయింపు కావాలి అని అర్జీ పెట్టుకునే ముందు ఒక్క లెక్క వేసుకోవాలి. ఈ కాసేపూ ఆ లెక్క గురించే మాట్లాడుకుందాం.

ఒక మిఠాయి అంగడి అనుకుందాం. పేరు "శ్రీలక్ష్మీ మిఠాయి అంగడి". బోర్డుకు దొరికిన జాగా 12 అడుగుల పొడవు, 2 అడుగుల ఎత్తు. రోడ్డుకు అవతల, వంద అడుగుల దూరంలో నిలబడ్డ మనిషికి పేరు తెలియాలి. పది అడుగుల దూరానికి ఒక అంగుళం అక్షరం అని బోర్డుల పనిలో ఒక వాడుక లెక్క ఉంది. వంద అడుగులకు పది అంగుళాలు.

ఇది ఇంగ్లీషు పెద్దక్షరాలకు పుట్టిన లెక్క. ఆ అక్షరాలు గీత గీసినట్టు ఒకే ఎత్తులో నిలబడతాయి. మన అక్షరం అట్లా కాదు. "క్ష్మీ" చూడండి. నడుమ క. పైన గుడిదీర్ఘం. కింద ష ఒత్తు, దాన్ని ఆనుకొని మ ఒత్తు. నడుమ అక్షరానికి 10 అంగుళాలు ఇస్తే పైన గుడిదీర్ఘానికి 3, కింద ఒత్తులకు 8 పోతాయి. మొత్తం 21. పైనా కిందా ఒకటిన్నర చొప్పున ఖాళీ వదిలితే సరిగ్గా 24 అంగుళాలు, అంటే రెండడుగులు. సరిపోయింది కదా!

పొడవు కూడా చూద్దాం. తొమ్మిది అక్షరాలు, ఒక్కోదానికి సగటున 14 అంగుళాలు, 126. పదాల మధ్య రెండు సందులకు 8. మిగిలిన 10 అంగుళాలు రెండు చివర్లకు అయిదేసి. ఇంతకంటే పెద్ద బోర్డు ఈ అంగడికి అక్కర్లేదు. మినహాయింపూ అక్కర్లేదు.

మరి ఎక్కడ చెడుతుంది? ఒక మూల దేవుడి పటం, ఇంకో మూల లడ్డూ, జిలేబీ ఫొటోలు, కింద రెండు ఫోన్ నంబర్లు. పేరుకు అయిదంగుళాలే మిగులుతుంది. కంప్యూటర్ దగ్గర కూర్చున్న అబ్బాయి ఒత్తుల్ని నొక్కేసి, అక్షరాల్ని అడ్డంగా సాగదీస్తాడు. లక్ష్మి చదవడానికి వీల్లేకుండా పోతుంది. ఒత్తును నొక్కనివ్వకండి. దయచేసి నొక్కనివ్వకండి.

మన ఊరికి తమిళులు వస్తారు, కన్నడిగులు వస్తారు, వాళ్ళకు తెలియొద్దా అంటారు. తెలియాలి. కానీ 1988 నాటి దుకాణాల చట్టం కింద ఉన్న నియమాల ప్రకారం తెలుగు పైన ఉండాలి, మిగతా భాషలు దాని కింద. ఆ కింది భాషలకు పేరంత అక్షరాలు అక్కర్లేదు. వాకిట్లోకి వచ్చినవాళ్ళు ఇరవై అడుగుల లోపే ఉంటారు, రెండంగుళాల అక్షరం చాలు. అంత చోటు కూడా లేకపోతే పక్క స్తంభం మీద ఒక సన్నటి పలక పెట్టి, అందులోనూ తెలుగును పైనే రాయించి, తమిళం, కన్నడం, హిందీ కింద వరసగా రాయించండి.

ఇంత చేసినా కనపడకపోతే అప్పుడు మినహాయింపు అడగాలి. అమెరికా ఊళ్ళలో ఇలాంటి అర్జీలు వినే కమిటీలు మొదట అడిగేది ఒకటే: ఇబ్బంది స్థలానిదా, యజమాని కోరికదా? ఇక్కడ అర్జీ రాసేవాళ్ళకూ ఆ ప్రశ్న పనికొస్తుంది. "వ్యాపారం బాగా జరగాలి" అన్నది కోరిక. "పక్క మేడ మెట్లు మూడడుగులు ముందుకొచ్చి బోర్డులో సగం కప్పేస్తున్నాయి" అన్నది స్థలం ఇబ్బంది. అప్పుడు కూడా పెద్ద బోర్డు అడక్కండి. అదే బోర్డును రెండడుగులు పైకి కట్టుకోనివ్వమని అడగండి.

ఆ ఇబ్బందిని అర్జీలో చూపించేది ఎట్లా? ఎనిమిది మూరల పంచె పొడవు 12 అడుగులు. నిలువునా సగానికి మడిస్తే వెడల్పు సుమారు రెండడుగులు. మన బోర్డంతే! దాన్ని ఇప్పుడున్న జాగాలో కట్టి, టేపుతో వంద అడుగులు కొలిచి, అక్కడినుంచి ఒక ఫొటో తీయండి. రెండడుగులు పైకి కట్టి, అదే చోటునుంచి ఇంకొకటి తీయండి. అర్జీకి ఆ రెండు ఫొటోలు, కొలతలు వేసిన ముందువైపు పటం, గోడకు ఎట్లా బిగిస్తారో చూపే పక్కవైపు పటం, ఇంటి ఓనరు ఒప్పుకోలు జతచేయండి. వార్డు సచివాలయంలో ప్లానింగ్ కార్యదర్శిని కలిసి, ఇంకేమైనా కావాలా అని ముందే అడగండి. అనుమతి కాగితం చేతికొచ్చేదాకా ఫ్రేముకు అడ్వాన్సు ఇవ్వకండి.

బిగించే రోజు దగ్గరుండి చూసుకోండి. యాంకర్ బోల్టులు కాంక్రీటు బీములోకి దిగాలి. ఉత్త ఇటుక గోడలోకో, పైపూతలోకో దిగితే వేసవి గాలివానకు ఊగి ఊగి వదులవుతాయి. లైట్ల ఎడాప్టరును బోర్డు అడుగున పడేయకుండా అంగడి లోపల గోడకు పెట్టించండి. బోర్డు అడుగు అంచున రెండడుగులకొక చిన్న రంధ్రం వేయిస్తే, నవంబరు వానల్లో లోపలికి దిగిన నీళ్ళు నిలవకుండా కారిపోతాయి.

నమస్కారం.