మిక్సీ మోతలోనూ వినిపించిన బజర్: పీజో డ్రైవర్ బోర్డు రివ్యూ

అందరికీ నమస్కారం. ముందే చెప్పేస్తాను, ఈ పీజో డ్రైవర్ బోర్డు, అంటే బజర్‌ను గట్టిగా మోగించే చిన్న సర్క్యూట్, ఒక ఆన్‌లైన్ షాపు వాళ్లు నాకు ఉచితంగా పంపారు. డబ్బులేమీ ఇవ్వలేదు. స్పెక్స్ అన్నీ మీరు ఈపాటికే చూసుంటారు, మళ్లీ చదవను. నేరుగా మా ట్యాంకు దగ్గరికి వెళ్లిపోదాం.

మాది విశాఖ ఎంవీపీ కాలనీలో రెండంతస్తుల ఇల్లు. ట్యాంకు నిండితే మోగే అలారం ఒకటి రెండేళ్ల క్రితం చేశాను. రెండు పెన్సిల్ సెల్స్, ఒక చిన్న మైక్రోకంట్రోలర్ (ప్రోగ్రాం రాసుకునే చిప్), జగదాంబ దగ్గర కొన్న నల్ల బజర్, అంతే. టేబుల్ మీద చెవులు గింగురుమనేలా మోగింది. తీసుకెళ్లి పైమెట్ల దగ్గర బిగించాక కింద వంటింట్లో ఉన్న అమ్మకు వినపడలేదు. మిక్సీ తిరుగుతుంటే అసలే లేదు. ఎండాకాలంలో ట్యాంకు పొంగి నీళ్లు వీధి పాలవుతుంటే నాకు ప్రాణం ఉసూరుమనేది.

9 వోల్టుల బ్యాటరీ కూడా పెట్టి చూశాను. సౌండ్ కాస్త పెరిగింది, బ్యాటరీ మాత్రం త్వరగా పోయింది.

ఇక్కడ నాకు బాగా చిరాకు తెప్పించే విషయం ఒకటుంది. బజర్ల మీద ఇన్ని డెసిబెల్స్ అని పెద్దగా రాస్తారు, ఎంత దూరంలో కొలిచారో రాయరు. 10 సెంటీమీటర్ల దగ్గర కొలిచిన బజర్‌నే 30 సెంటీమీటర్ల దగ్గర కొలిస్తే దాదాపు 9.5 డెసిబెల్స్ తగ్గుతుంది. ఈ బోర్డు పేజీలోనూ దూరం లేదు. దయచేసి రాయండి, మేం దాన్ని చూసే కొంటాం.

సరే, బోర్డు సంగతి. బజర్‌లో శబ్దం చేసేది పీజో డిస్క్, అంటే వోల్టేజ్ ఇస్తే వంగే పల్చటి బిళ్ల. దాని రెండు వైర్లనూ ఇది ఎదురెదురుగా నడుపుతుంది. ఒకటి ప్లస్‌లో ఉంటే రెండోది మైనస్‌లో, మరుక్షణం తారుమారు. దాంతో 3 వోల్టుల సెల్స్‌తోనే డిస్క్‌కు 6 వోల్టుల ఊపు దొరుకుతుంది, అంటే 6 డెసిబెల్స్ లాభం. మైక్రోకంట్రోలర్‌లో రెండు పిన్నులు ఖాళీగా ఉంటే ఈ పని బోర్డు లేకుండా మీరే చేసుకోవచ్చు.

నాకు ప్రాణం లేచొచ్చింది మాత్రం ఆ చిన్న నీలం ప్రీసెట్ (స్క్రూడ్రైవర్‌తో తిప్పే బుల్లి కంట్రోల్) దగ్గర. దాన్ని తిప్పితే ఫ్రీక్వెన్సీ, అంటే శబ్దం ఎంత కీచుగా ఉందన్నది, మారుతుంది. ప్రతి డిస్క్‌కూ తనదైన ఫ్రీక్వెన్సీ ఒకటుంటుంది, అక్కడే గట్టిగా మోగుతుంది. 27 ఎంఎం డిస్క్‌లు 4.6 కిలోహెర్ట్జ్ దగ్గర, 35 ఎంఎంవి 2.8 దగ్గర దొరుకుతాయి. అతికించాక అది కొంచెం జరుగుతుంది, అందుకే చెవితోనే పట్టుకోవాలి. ఇప్పుడు మెల్లగా తిప్పుతున్నాను, వినండి... ఇంకొంచెం... అదీ! సెల్స్ అవే, డిస్క్ అదే, ఎంత తేడానో చూశారా! నేను 35 ఎంఎం డిస్కే వాడాను, దాని శబ్దం అంత కీచుగా ఉండదు. వయసు పెరిగేకొద్దీ కీచు శబ్దాలే ముందు వినపడకుండా పోతాయి, అమ్మకు 60 దాటాయి.

డిస్క్ అతికించడంలో నేను చేసిన తప్పు మీరు చేయకండి. మొదట ఫెవిక్విక్‌తో డిస్క్ మొత్తాన్ని డబ్బా మూతకు అంటించేశాను, గొంతు నొక్కేసినట్టయింది. డిస్క్ వంగుతూ ఉంటేనే మోగుతుంది. తర్వాత ఖాళీ బామ్ డబ్బాలో అంచు మాత్రమే ఆనేలా పెట్టి, మూతకు చిన్న రంధ్రం చేశాను. లోపలి గాలి కూడా జత కలిసి సౌండ్ ఇంకా పెరిగింది. రంధ్రం చేశాక ప్రీసెట్ మళ్లీ ఒకసారి తిప్పాలి. బీప్, గ్యాప్, బీప్ అని మోగేలా పెట్టాను. ఆగి ఆగి మోగితే ఇట్టే తెలుస్తుంది, సెల్స్ కూడా ఎక్కువ రోజులు వస్తాయి.

లోపాలా? వైర్లు బిగించే స్క్రూలు మరీ చిన్నవి. మన ఉప్పుగాలికి ఇనుము ఎలా తుప్పు పడుతుందో మీకు తెలుసు, అందుకే నేను వైర్లు సోల్డర్ చేసేశాను. అయినా నా మాట కొనుక్కోమనే. ఒక్క ఆ ప్రీసెట్ కోసమైనా కొనుక్కోవచ్చు.

మొన్న ఆదివారం అమ్మ ఇడ్లీ పిండి రుబ్బుతోంది. పైన బజర్ మోగింది. మిక్సీ ఆపకుండానే చెయ్యి చాపి మోటార్ స్విచ్ ఆపేసింది.