వెనక ఏసీ లీకు: క్లాంపు కింద చూశారా?

హోస్ట్: నమస్కారం. మూడు వరుసల సీట్లున్న బండ్లలో, వ్యాన్లలో వెనకవాళ్ళకి విడిగా ఏసీ ఉంటుంది కదా, ఈ ఎపిసోడ్ దాని లీకుల గురించి. చాలా ఏళ్ళుగా బండ్ల ఏసీలు బాగుచేస్తున్న అన్న మనతో ఉన్నారు. అన్నా, ముందు నా బాధ చెప్పేస్తాను. ఏటా గ్యాస్ కొట్టిస్తున్నాను. రెండు నెలలు బాగుంటుంది, మళ్ళీ వేడి గాలే.

మెకానిక్: తమ్ముడూ, ఏసీ గ్యాస్ పెట్రోల్‌లాగా ఖర్చైపోయేది కాదు. ఉన్న గ్యాసే పైపుల్లో తిరుగుతూ ఉంటుంది. రబ్బరు గొట్టాల గుండా ఏళ్ళ మీద కాస్త తగ్గడం మామూలే. రెండు నెలలకే ఖాళీ అయిందంటే మాత్రం లీకే. అది వెతక్కుండా గ్యాస్ కొట్టించడం చిల్లు కుండలో నీళ్ళు పోయడమే. పైగా గ్యాస్‌ని నొక్కి పైపుల్లో తిప్పే కంప్రెసర్‌కి ఆయిల్‌ని తిరిగి తెచ్చేది ఆ గ్యాసే. గ్యాస్ తగ్గితే ఆయిల్ అందక కంప్రెసర్ కూడా పట్టేస్తుంది.

హోస్ట్: వెనక ఏసీ ఉన్నవాటికే లీకులెక్కువ అంటారు. నిజమేనా?

మెకానిక్: నిజమే, దారి పొడుగు కదా. ఇంజిన్ దగ్గర నుంచి రెండు అల్యూమినియం పైపులు బండి అడుగునే వెనకదాకా వెళ్తాయి. సన్నదాంట్లో ద్రవం పోతుంది, లావుదాంట్లో ఆవిరి తిరిగొస్తుంది. వెనక ఇంకో కూలింగ్ కాయిల్, దానిలోకి ద్రవాన్ని కొలిచి వదిలే ఎక్స్‌పాన్షన్ వాల్వ్ ఒకటి. టైర్లు చిమ్మే నీళ్ళు, బురద, రాళ్ళు అన్నీ ఆ పైపులకే తగులుతాయి. మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లే చోట్లయితే ఇంకా త్వరగా తినేస్తుంది.

హోస్ట్: అంటే పైపు పొడుగునా చూసుకుంటూ పోవాలా?

మెకానిక్: చూడాలి, కానీ అసలు చోటు కంటికి కనపడదు. పైపును పట్టి ఉంచే క్లాంపు ఉంటుంది, దాని లోపల రబ్బరు ముక్క. ఆ రబ్బరుకీ పైపుకీ మధ్య మట్టి, తడి చేరితే ఇక ఆరదు. అక్కడ అల్యూమినియం తెల్లటి పొడిలా రాలుతూ పల్చబడిపోతుంది. ఇనుప బ్రాకెట్ నేరుగా తగులుతుంటే ఇంకా తొందరగా పోతుంది. మిగతా పైపంతా కొత్తదానిలా మెరుస్తూనే ఉంటుంది, క్లాంపు విప్పితే సూదిమొనంత చిల్లు.

ఒక వ్యాన్ విషయంలో నేను చేసిన తప్పు చెప్తాను. వెనక కాయిలే పోయిందనుకున్నాను. సైడు ప్యానెల్, సీట్లు అన్నీ ఊడదీసి కాయిల్ మార్చాను. మూడు వారాలకి బండి మళ్ళీ వచ్చింది. అప్పుడు క్లాంపులు విప్పితే రెండోదాని కిందే ఉంది చిల్లు. ఆయన డబ్బు, రెండు రోజుల పని, రెండూ పోయాయి. చాలా బాధేసింది. ఆ రోజు నుంచి క్లాంపులన్నీ చూశాకే కాయిల్ జోలికి వెళ్తున్నాను.

హోస్ట్: చిల్లు అంత చిన్నదైతే ఎలా దొరుకుతుంది?

మెకానిక్: ముందు జిడ్డు కోసం చూస్తాను. గ్యాస్‌తో పాటు ఆయిల్ కూడా చెమ్మగిల్లుతుంది, దాని మీద దుమ్ము అంటుకుని నల్లగా కనపడుతుంది. తర్వాత లీక్ డిటెక్టర్. ఈ గ్యాస్ గాలి కన్నా బరువు కాబట్టి డిటెక్టర్ మొనను పైపు కింది వైపు నెమ్మదిగా జరపాలి. ఫ్యాను గాలి తగలకూడదు. కాయిల్ మీద అనుమానముంటే దాని నీళ్ళు బయటికి కారే గొట్టం దగ్గర పెట్టి చూస్తాను. చాలా సన్నటి లీకైతే డై, అంటే మెరిసే రంగు ఎక్కించి, కొన్నాళ్ళు తిప్పాక యూవీ లైటు వేస్తే మెరుస్తుంది. గ్యాస్ పూర్తిగా పోయిన బండికి పొడి నైట్రోజన్ ఎక్కించి సబ్బు నురగ రాస్తాను. ఆక్సిజన్ మాత్రం ఎప్పుడూ వాడకూడదు, లోపలి ఆయిల్‌తో కలిస్తే పేలుతుంది.

హోస్ట్: వాక్యూమ్ పెట్టి, అంటే పంపుతో లోపలి గాలంతా లాగేసి, మీటర్ ముల్లు కదల్లేదు కాబట్టి లీకు లేదని చెప్తుంటారు కదా?

మెకానిక్: ఆ ఒక్క మాట నమ్మి మోసపోవద్దు. వాక్యూమ్‌లో పైపు మీద పడేది బయటి గాలి ఒత్తిడే, ఒక బార్. బండి నడిచేటప్పుడు సన్న పైపు లోపల ఎండలో 15 బార్ దాకా ఉంటుంది. ఒక బార్‌కి నిలబడిన పైపు 15కి నిలబడుతుందని ఎలా చెప్తాం?

హోస్ట్: సరే, చిల్లు దొరికింది. ఇక అతుకా, కొత్త పైపా?

మెకానిక్: ఒక్కచోటే తినేసి, అటూ ఇటూ గట్టి లోహం ఉంటే ఆ ముక్క కోసేసి, ఏసీ పైపుల కోసం చేసిన కంప్రెషన్ జాయింట్ వేస్తాను. బాగానే నిలబడుతుంది. రెండు మూడు క్లాంపుల కింద తెల్లపొడి కనపడిందంటే మొత్తం పైపు మార్చాల్సిందే. కొన్ని బండ్లకి పెట్రోల్ ట్యాంకు దింపాలి, పని ఎక్కువే. అయినా అదే మంచిది, లేకపోతే ఇవాళ ఒకటి, వచ్చే ఏడు ఇంకొకటి. పైన జిగురు పూయడం, లీకు ఆపే మందు ఎక్కించడం నేను చేయను. ఆ మందుల్లో కొన్ని తేమ తగిలితే గట్టిపడి వాల్వ్‌ని మూసేస్తాయి.

హోస్ట్: వెనక ఏసీ మాకు అక్కర్లేదు, ముందుది చాలు అంటే?

మెకానిక్: ముందు భాగంలోనే ఆ రెండు దారులకీ సరైన మూతలు బిగించొచ్చు. పైపు మడిచి నొక్కేయడం కాదు. గ్యాస్ కూడా ఆ మేరకు తగ్గించి వేయాలి, పాత లెక్కే వేస్తే ప్రెషర్ పెరిగిపోతుంది.

హోస్ట్: అన్నీ బిగించాక?

మెకానిక్: విప్పిన ప్రతి చోటా కొత్త ఓ-రింగ్, అంటే లీకు ఆపే రబ్బరు రింగు, దానికి ఆయిల్ రాసి. లోపలి తేమ పీల్చే డ్రయర్ కూడా కొత్తది. వాక్యూమ్‌కి తొందరపడకూడదు. లోపలి తేమ ఆ వాక్యూమ్‌లో మామూలు వేడికే మరిగి ఆవిరై బయటికొస్తుంది. పైపులు పొడుగు కాబట్టి ముప్పావుగంటకి తక్కువ పెట్టను. గ్యాస్ తూకం వేసి ఎక్కించాలి, బానెట్ కింద స్టిక్కర్ మీద ఎన్ని గ్రాములో ఉంటుంది. ముందు మాత్రమే ఏసీ ఉన్న చిన్న కారుకి అర కిలో అటూ ఇటూ పడుతుంది, వెనక కూడా ఉంటే కిలో దాటొచ్చు.

హోస్ట్: అయితే ఈ ఆదివారం నేనే కిందికి దూరి క్లాంపులు విప్పి చూస్తాను అన్నా.

మెకానిక్: చూడు, కానీ విప్పకు. తినేసిన పైపు కదిలిస్తే ఒక్కసారిగా తెగొచ్చు. చాలా బండ్లలో ఉండే ఏసీ గ్యాస్ ఆర్-134ఏ మైనస్ 26 డిగ్రీలకే మరుగుతుంది, చేతి మీద, కంట్లో పడితే మంచు కాల్చినట్టు కాలుస్తుంది. కొత్త బండ్లలో వాడే ఆర్-1234వైఎఫ్‌కి అయితే మంట కూడా అంటుకుంటుంది. కళ్ళద్దాలు పెట్టుకుని, టార్చ్ వేసి, వెనక చక్రానికి కాస్త ముందున్న క్లాంపు దగ్గర జిడ్డు ఉందేమో చూసి ఫొటో తీయి. గ్యాస్‌ని గాల్లోకి వదలకుండా మిషన్‌తో లాగేశాక విప్పుదాం.

హోస్ట్: సరే అన్నా. ఆదివారం పొద్దున్నే ఫొటో పంపిస్తాను.