రెండు మిక్సర్లు, ఒక మూడో పిన్ను

వందనాలు. చర్చిల్లో మైక్ సెట్ చూసుకునే తమ్ముళ్లూ, వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. మనకు వెనక గోడకు ఆనుకుని కూర్చోవడమే అలవాటు, నాకు తెలుసు, ఈ ఒక్కపూట ముందు కూర్చుంటే ఏమీ కాదు.

వేదిక మీదున్న అయ్యగార్లకు, అమ్మగార్లకు, సంఘ పెద్దలకు పేరుపేరునా చెప్పాలి. చెప్తూ పోతే నాకిచ్చిన ముప్పావు గంట అక్కడే అయిపోతుంది, అందరికీ కలిపి ఒకే వందనం. నన్ను పరిచయం చేసిన తమ్ముడు 'సౌండ్ ఇంజనీర్' అన్నాడు. ఇంజనీరింగ్ కాలేజీ గేటు లోపలికి నేను ఒక్కసారే పోయాను, అదీ వాళ్ల ఫంక్షన్‌కు బాక్సులు దించడానికి. కాజీపేటలో మైక్ సెట్ షాపులో పద్నాలుగేళ్లప్పుడు చేరాను. పెళ్లి బరాత్‌లు, బతుకమ్మలు, చావులు, ఎలక్షన్లు, అన్నిటికీ వైర్లు లాగాను. చర్చిలో కూర్చోవడం తర్వాత మొదలైంది, ఆ కథ వదిలేయండి.

క్రిస్మస్ దగ్గర పడింది, మైకుల, వాద్యాల సౌండ్‌ను కలిపే మిక్సర్‌లో చానళ్లు, అంటే ఒక్కో వైరుకు ఒక్కో దారి, చాలడం లేదు, ఇంకోటి కలపడం ఎలాగో చెప్పమన్నారు. లెక్క మీకు తెలిసిందే. వాక్యం చెప్పే మైకు ఒకటి, పాట నడిపించేవాళ్లకు కార్డ్‌లెస్‌లు రెండు, క్వయర్‌కు నాలుగు, కీబోర్డుకు రెండు, ప్యాడ్స్‌కు రెండు, గిటారు, డోలక్. పదమూడు. మన మిక్సర్ పన్నెండుది. ఎప్పుడూ ఒకటి తక్కువే ఉంటుంది, పదహారుది కొంటే పదిహేడో వాద్యం ఎక్కణ్నించో వస్తుంది. అప్పుడు ఎవరో దాత ఒక చిన్న మిక్సర్ కొనిస్తారు. దాని మీద 'ఫలానా వారి జ్ఞాపకార్థం' అని స్టిక్కర్ ఉంటుంది. రెండిటినీ కలిపే వైరు మాత్రం ఉండదు. కమిటీని ఆరు వందలు అడిగితే "ఉన్నదాంతో సర్దు తమ్ముడూ" అంటారు. నిజమే, వైరు మీద స్టిక్కర్ ఎక్కడ అంటిస్తారు?

సరే, విషయానికి వస్తా. మనది కాకతీయుల గడ్డ, గొలుసుకట్టు చెరువుల గురించి మీకు చెప్పక్కర్లేదు. పై చెరువు నిండితే మత్తడి దుంకి కింది చెరువులోకి పోతుంది. రెండు మిక్సర్లు కూడా అంతే. చిన్న మిక్సర్ పై చెరువు, దాని మెయిన్ అవుట్ మత్తడి. పెద్ద మిక్సర్ కింది చెరువు, దానికున్న తూము నుంచే ఆంప్లిఫయర్‌కు, బాక్సులకు పారుతుంది. నీళ్లు ఒకవైపే పోవాలి.

ఇక్కడే చాలామంది చేసే తప్పు. చిన్న మిక్సర్ దగ్గర కూర్చున్న కీబోర్డు తమ్ముడు తనకు పాట వినపడటం లేదంటాడు. మనం పెద్ద మిక్సర్‌లో మెయిన్ కాకుండా విడిగా సౌండ్ పంపే దారి, ఆక్స్ అవుట్ నుంచి ఒక వైరు తెచ్చి చిన్న మిక్సర్‌లో పెడతాం. చిన్న మిక్సర్ ఏమో అప్పటికే పెద్దదానిలోకి పోతోంది, ఆ చానల్ మీద ఆక్స్ కూడా తెరిచే ఉంటుంది. కింది చెరువు నీళ్లు పై చెరువులో పోశాం, అవే మళ్లీ మత్తడి దూకి కిందికొచ్చాయి. మైకు ఒక్కటీ ఆన్ చేయకుండానే కూత పెడుతుంది. అందరూ మైకులు మూస్తుంటారు, కూత ఆగదు. అలా వైరు ఇవ్వాల్సి వస్తే, చిన్న మిక్సర్ వచ్చే చానళ్ల మీద ఆ ఆక్స్ నాబ్ సున్నాకు తిప్పి పెట్టండి. దాని మీద ప్లాస్టర్ అంటించండి, ఎవరో ఒకరు తప్పకుండా ముట్టుకుంటారు.

ఇక ఎందులో గుచ్చాలి? మైకు నుంచి వచ్చేది వోల్టులో వెయ్యో వంతుల్లో ఉంటుంది. మిక్సర్ అవుట్ నుంచి వచ్చేది లైన్ లెవెల్, ప్రొఫెషనల్ సామానులో +4 డీబీయూ అంటారు, అంటే 1.23 వోల్టులు. దాన్ని తీసుకెళ్లి మైక్ ఇన్‌పుట్‌లో పెడితే మత్తడికి బదులు కట్ట తెగినట్టే, పగిలిపోయిన సౌండ్ వస్తుంది. పైగా చిన్న సైజు మిక్సర్లు చాలావాటిలో 48 వోల్టుల ఫాంటమ్ పవర్‌కు, అంటే కండెన్సర్ మైకులు పనిచేయడానికి మిక్సర్ పంపే కరెంటుకు, అన్ని చానళ్లకూ కలిపి ఒకటే బటన్. క్వయర్ కండెన్సర్ మైకుల కోసం అది నొక్కి ఉంటారు, ఆ కరెంటు వెనక్కి చిన్న మిక్సర్ అవుట్‌లోకి పోతుంది. కాబట్టి లైన్ ఇన్‌లోనే పెట్టండి, లావు జాక్, షాపులో పీ-38 అంటారే, అందులో. స్టీరియో చానల్ ఉంటే ఇంకా మంచిది. అది లేకపోతే రెండు చానళ్లు తీసుకుని పాన్ నాబ్ ఒకదానిది ఎడమకు, ఇంకోదానిది కుడికి తిప్పండి. ఒక్క వైరే ఉంది, ఎడమ అవుట్ ఒక్కటే తీస్తామంటారా, అప్పుడు చిన్న మిక్సర్‌లో పాన్‌లన్నీ మధ్యలో ఉండాలి, కీబోర్డుకు ఒక్క మోనో వైరే పెట్టాలి. లేకపోతే కుడివైపు పోయిందంతా గాలికి పోయినట్టే.

చిన్నదాని మాస్టర్ ఫేడర్ సున్నా గీత మీద పెట్టి, పాట పాడించి, పెద్దదాని గెయిన్, అంటే లోపలికొచ్చే సౌండ్‌ను పెంచే నాబ్, తిప్పుకోండి. ఆ చానళ్ల మీద ట్రెబుల్, బేస్ కదపొద్దు, మార్చాలనుకుంటే చిన్నదాంట్లోనే మార్చండి.

వైరు అన్నాను కదా, ఒకటి చెప్పి తీరాలి. ఒక సంఘంలో చిన్న మిక్సర్ మెయిన్ అవుట్ పాడైంది. అక్కడి తమ్ముడు తెలివైనవాడు, హెడ్‌ఫోన్ అవుట్ నుంచి స్టీరియో పిన్ను వైరు ఒకటి లాగి పెద్దదాని లైన్ ఇన్‌లో గుచ్చాడు. క్వయర్ నోరు తెరిచింది. గొంతులు లేవు! ఎకో మాత్రం వస్తోంది. పాట ఎక్కడో బావిలోంచి వస్తున్నట్టుంది. నాకు ఫోన్ చేసి "అన్నా, దయ్యం పట్టింది" అన్నాడు, చర్చిలో నిలబడి. జరిగింది ఏంటంటే, హెడ్‌ఫోన్ పిన్ను కొన మీద ఎడమ, దాని తర్వాతి చుట్టు మీద కుడి ఉంటాయి. బ్యాలెన్స్‌డ్ ఇన్‌పుట్ ఏం చేస్తుంది, మొదటిదాంట్లోంచి రెండోదాన్ని తీసేస్తుంది. వైరులో దూరిన రొదను పోగొట్టడానికే దాన్ని అలా చేశారు. మధ్యలో ఉన్న గొంతు రెండువైపులా ఒకేలా ఉంటుంది కాబట్టి ఒకదాంట్లోంచి ఒకటి పోతే సున్నా. ఎకో రెండువైపులా వేరువేరుగా ఉంటుంది కాబట్టి అది మిగిలింది. నవ్వుతున్నారు గానీ మీలో ఇద్దరు ముగ్గురు ఇది చేసే ఉంటారు. ఇంకోటి, రెండు మిక్సర్ల అవుట్‌లను వై కేబుల్‌తో కలిపి ఒకే ఇన్‌పుట్‌లో గుచ్చొద్దు. ఒకదాన్ని రెండుగా చీల్చొచ్చు, రెండు అవుట్‌లను ఒకటి చేస్తే అవి ఒకదానిలోకి ఒకటి తోసుకుంటాయి.

తర్వాత మానిటర్ల గురించి, అంటే పాడేవాళ్లు తమ సౌండ్ తాము వినే బాక్సుల గురించి చెప్పాలి, ఆన్ ఆఫ్ వరస చెప్పాలి. రాసుకొచ్చాను. కరెంటు సంగతి చివర్లో అనుకున్నా. లేదు, ఇప్పుడే చెప్తా, చివరికి టైం ఉండదు, ఉన్నా నేను దాటేస్తాను. పదకొండేళ్లుగా దాటేస్తూనే ఉన్నా.

రెండు మిక్సర్లు కలపగానే మీకు గుయ్ మని ఒక రొద వస్తుంది. మన కరెంటు సెకనుకు 50 సైకిళ్లు, ఆ రొదే అది. చిన్న మిక్సర్ స్టేజీ మీద ఒక బోర్డులో పెట్టారు, పెద్దది వెనక ఇంకో బోర్డులో పెట్టారు. రెండు ఎర్తింగ్‌లు, మధ్యలో ఆడియో వైరులోని లోహపు తొడుగు, ఒక చుట్టు తయారైంది. ఆ చుట్టులో తిరిగేదే రొద. నాకు అప్పుడు ఇంత తెలియదు. నాకు తెలిసిందల్లా మా ఉస్తాద్ షాపులో నేర్పింది, "ఎర్త్ పిన్ను తీసేయ్, పోతది." తీసేశాను. స్టేజీ మీది ఎక్స్‌టెన్షన్ బాక్సు ప్లగ్గులో పైన లావుగా, పొడుగ్గా ఉండే పిన్ను కటింగ్ ప్లేయర్‌తో విరిచేశాను. రొద మాయం. అయ్యగారు వచ్చి భుజం తట్టారు కూడా.

అంటే ఏమైంది? స్టేజీ మీద ఉన్న గిటారు ఆంప్, కీబోర్డు, చిన్న మిక్సర్, అన్నిటికీ మిగిలిన ఎర్త్ ఒక్కటే. రెండు మిక్సర్లను కలిపే ఆడియో వైరు. మూడు వారాలు అలాగే నడిచింది.

గుడ్ ఫ్రైడే వచ్చింది. ఆ రోజు ప్యాడ్స్ వద్దు, గిటారు ఒక్కటి చాలు అన్నారు. అయితే చిన్న మిక్సర్ ఎందుకని నేను ఆ కలిపే వైరు పీకి చుట్టి పక్కన పెట్టాను. యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల్లో నాలుగో మాట అయింది, పాట పాడాలి. గిటారు పిల్లాడికి పంతొమ్మిదేళ్లు. పాత ఆంప్, లోపల ఎక్కడో లీకేజీ ఉంది. ఇంతకుముందు ఆ లీకేజీ ఆడియో వైరు గుండా పోయేది, ఇప్పుడు దానికి పోయే దారి లేదు, గిటారు తీగల దాకా వచ్చి ఆగింది. మైకు ఏమో వెనక పెద్ద మిక్సర్‌ది, దానికి ఎర్త్ ఉంది. వాడు తీగల మీద చేతులు పెట్టి మైకుకు పెదవి ఆనించాడు.

నేను వెనక కూర్చుని చూస్తున్నా. ఒక చప్పుడు వచ్చింది. వాడు వెనక్కి పడ్డాడు, గిటారు మీద పడింది. ఎవరో పరుగెత్తి మెయిన్ దించారు. బతికాడు, దేవుడి దయ. పెదవులు కాలాయి, ఆసుపత్రిలో ఒక రాత్రి ఉంచారు. వాళ్లమ్మను నేను పెద్దమ్మ అంటాను. వరండాలో నా చెయ్యి పట్టుకుని "ఏమైంది బిడ్డా మావానికి?" అని అడిగింది. "లూజ్ కనెక్షన్ పెద్దమ్మా" అన్నాను.

ఎన్నోసార్లు వాళ్లింట్లో చాయ్ తాగాను. ఆ గిటారు పిల్లాడు ఇప్పుడు రైల్వేలో ఉద్యోగం చేస్తున్నాడు, గిటారు ముట్టుకోడు. నాకు ఎవరూ ఏమీ అనలేదు. మైకు ఒక్కసారి కూస్తే మూడు వందల తలలు వెనక్కి తిరిగి నన్ను చూస్తాయి. ఆ రోజు ఒక్క తల కూడా తిరగలేదు. మొన్న ఈ మీటింగ్‌కు పిలిచినప్పుడు మొదట రానన్నాను, తర్వాత పోయి ముందు ఆ పెద్దమ్మకు చెప్పి వచ్చాను. ఆమె ఏమందో ఇక్కడ చెప్పను.

రొద వస్తే ఏం చేయాలంటే, రెండు మిక్సర్లూ ఒకే బోర్డు నుంచి తీయండి. ఆంప్లిఫయర్ వేరే చోట ఉంటే ఎలక్ట్రీషియన్‌తో ఒకే లైన్ లాగించండి. రెండువైపులా స్టీరియో పిన్ను ఉన్న బ్యాలెన్స్‌డ్ వైరు వాడండి. అప్పటికీ పోకపోతే మధ్యలో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టండి, చిన్న డబ్బా, సౌండ్ అయస్కాంతం గుండా దాటుతుంది, రెండు తొడుగులు తగలవు. గిటారు, కీబోర్డు వైరును మిక్సర్‌కు కలిపే డీఐ బాక్సు మీద గ్రౌండ్ లిఫ్ట్ అని స్విచ్ ఉంటుంది, అది నొక్కొచ్చు, అది ఆడియో వైరు తొడుగునే విడదీస్తుంది, ప్లగ్గు జోలికి పోదు. కరెంటు లీకైతే వెంటనే ఆఫ్ చేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించమని కమిటీని అడగండి. ఎర్తింగ్ గుంత ఎండాకాలం ఎండిపోతుంది, నీళ్లు పోయండి. గుడ్ ఫ్రైడే వచ్చేది ఎండల్లోనే.

మానిటర్ల సంగతి రెండు ముక్కల్లో చెప్తా. చిన్న మిక్సర్ నుంచి పెద్దదానికి అంతా ఒకే మూటగా వస్తుంది, అందులోంచి ఒక్కరి గొంతును విడిగా తీసి మానిటర్‌కు ఇవ్వలేరు. కాబట్టి ఒకసారి పెట్టి వదిలేసేవి, ప్యాడ్స్, కీబోర్డు, డోలక్, చిన్నదాంట్లో. వాక్యం మైకు, పాట నడిపించేవాళ్లు పెద్దదాంట్లో, మీ చేతి కింద. ఆన్ చేసేటప్పుడు ఆంప్లిఫయర్ చివర, ఆఫ్ చేసేటప్పుడు అదే ముందు.

డిజిటల్ గురించి అడుగుతున్నారా? భోజనాలయ్యాక మాట్లాడదాం.

ఇప్పుడు మీ మీ చర్చిల్లో వాడే ఎక్స్‌టెన్షన్ బాక్సులు తెమ్మని మెసేజ్ పెట్టాం కదా, అవి ఈ బల్ల మీదికి తీసుకురండి. మిక్సర్లు తర్వాత కలుపుదాం, ముందు ప్లగ్గులు చూద్దాం. ఆ స్తంభం పక్కన, పరకాల వాళ్ల వెనక, బాక్సు కుర్చీ కిందికి తోస్తున్న తమ్ముడు, నువ్వే ముందు రా. తిట్టను, రా.